హైమ గోడకి వెల్ల

విశాఖపట్నం వెళ్ళడానికి హైమ తెల్లవారగానే సంచి సర్దుకుంది. ఆమె స్నానానికి వెళ్ళగానే వదినగారు కన్యాకుమారి ఆ సంచిలోవన్నీ మంచం మీద పరిచి, మొదటినుంచి తన పద్ధతిలో సర్దడం మొదలుపెట్టింది.

"రెండు చీరలు సాలు వదినా. నాలుగు రోజుల పని," అంది హైమ తల తుడుచుకుంటూ వచ్చి.

"నాలుగు రోజులకని ఎల్లినోళ్ళని సానామందిని సూసేను," అంది కన్యాకుమారి, చీరల మధ్య ఉసిరికాయ పచ్చడి సీసా కుక్కుతూ.

నిజంగానే చూసింది. సంచి పట్టుకుని గడప దాటినవాళ్ళ విషయంలో ఆమెకున్న అనుభవం పాతపట్నంలో ఇంకెవరికీ లేదు. మామగారు శ్రీకూర్మం దర్శనానికని వెళ్ళి, ఆ ఊళ్ళోనే మంచం పట్టి, అక్కడే పోయాడు. కన్నతండ్రి కొత్తవలసలో బండి మారతానని దిగి, ఏ బండి ఎక్కాడో ఇప్పటికీ తెలియదు. భర్త సీతారామారావు ఉతికిన బట్టలు సర్దుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. ఆ బట్టలు మడత నలగకుండా ఇంటికొచ్చాయి, ఆయన రాలేదు. బెల్లం, పసుపు, చింతపండు టోకున అమ్మిన ఆ ఇంట్లో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు అరవై దాటిన కన్యాకుమారి. రెండోవారు, పెళ్ళి మాట ఎక్కడా కలిసిరాక పుట్టింట్లోనే ఉండిపోయి, పిల్లలకి కుట్టుపని నేర్పి ఈమధ్యే ఉద్యోగం మానుకున్న ఆడపడుచు హైమ.

ప్రయాణాలకి కన్యాకుమారి పుట్టింటి ఆడవాళ్ళ దగ్గర ఒక విరుగుడు ఉంది. వెళ్ళేవాళ్ళ సామానులోంచి వాళ్ళకి అవసరమైన వస్తువొకటి వాళ్ళకి తెలియకుండా తీసి ఇంట్లో దాచాలి. ఆ వస్తువు మనిషిని వెనక్కి లాక్కొస్తుంది. మామూలుగా దువ్వెన తీసేది. కానీ ఇది విశాఖపట్నం, పైగా నాలుగు రోజులు; దువ్వెన బలం చాలదనిపించింది. అందుకని ఫోను ఛార్జర్ తీసి బియ్యం డబ్బాలో పెట్టింది.

హైమ ప్రయాణం ఫోటోల కోసం. మొదట్లో ఆమె అందరిలాగే మందారాలనీ, మహేంద్రతనయ ఒడ్డున సూర్యోదయాన్నీ తీసేది. ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో పాత గిడ్డంగి గోడ ముందు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి పసుపు బస్తాలు రాసుకున్న గోడ అది. వానాకాలంలో కరిగిన బెల్లం దాని మీంచి చారలు చారలుగా జారింది. చింతపండు చెమ్మ నల్లగా పాకింది. కింద ఉప్పు పొంగి బుడగలు కట్టింది. హైమ ఫోను ఆ గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టి, చేతి వెడల్పు మేర ఫోటో తీసింది. ఆ రోజు నుంచి మందారాల జోలికి పోలేదు.

మొదటి ఫోటో చూసినప్పుడు కన్యాకుమారి అడిగింది: "ఇదేటే?"

"గోడ."

"గోడని నాకూ తెలుస్తన్నాది. గోడలో ఏటి తీసేవని."

"ఏటిదని అడక్కు వదినా. ఎలగున్నాదో సూడు."

"మనిషిని నిలబెట్టి తీయొచ్చు గదే, గోడ దండగవకుండా!"

కానీ హైమ ఫోటోలు తిరిగి తిరిగి విశాఖపట్నంలోని ఒక ఛాయాచిత్రకారుల సంఘం కంట్లో పడ్డాయి. 'నైరూప్య ఛాయాచిత్ర ప్రదర్శన' అని వాళ్ళు కార్డు వేశారు. కార్డు మీద హైమ ఫోటో, దాని కింద 'పాతపట్నంలోని మా ఇంటి గోడ' అన్న మాట. హైమ ఆ కార్డు వీధంతా పంచి, బుధవారం నాడు శ్రీకాకుళం బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

కన్యాకుమారి ఇంటికొచ్చి ఇద్దరికి సరిపడా అన్నం వండింది. వండాక గుర్తొచ్చింది. సగం మూతపెట్టి, మిగతా సగం తింటూ "ఉప్పు సరిపోయిందేటే?" అని అడిగింది కూడా. జవాబు రాకపోయేసరికి తనే తలూపింది. సాయంత్రం హైమకి ఫోను చేసింది. స్విచ్ఛాఫ్ అని ఒక అమ్మాయి ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో మర్యాదగా చెప్పింది. మళ్ళీ చేసింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఆ సాయంత్రం కన్యాకుమారితో మాట్లాడిన మనిషి ఆ అమ్మాయొక్కతే.

మర్నాడు పొద్దున్నే పక్కింటి లక్ష్మణమ్మ, తప్పిపోయిన తన మేకని వెతుక్కునే మిషతో కార్డు పట్టుకుని వచ్చింది.

"అప్పా, ఈ కార్డు సూసేవా? గోడ పెచ్చులూడిపోయింది సరే, మరకలు పడిపోయింది సరే, అది మా ఇల్లేనని కింద అచ్చేయించుకోడమేటి? ఇసాపట్నం వోళ్ళేటనుకుంటారు! ఇంత పేరున్న కోమట్లు, గోడకి వెల్ల ఏయించుకోలేకపోయేరనుకోరూ?"

"అది కళంటలే," అంది కన్యాకుమారి.

"కళైతే మా దొడ్డిగోడ నిండా కళే. మేమేటి కార్డులెయ్యించుకున్నామా?"

లక్ష్మణమ్మ వెళ్ళాక కన్యాకుమారి కార్డు వంక చూసింది, గోడ వంక చూసింది. బెల్లం బస్తా మీద చీమ కనిపిస్తే పరువు పోయినట్టు భావించే ఇంటి కోడలు ఆమె. ఊరందరి ముందూ ఆడపడుచు ఇంటి మురికిని అచ్చులో పెట్టింది. నలుగురూ నవ్వుతుంటే ఆ పిల్ల అక్కడ ఎలా తలెత్తుకుంటుంది? అందుకే కాబోలు ఫోను కట్టేసుకుంది. తిరిగొచ్చేసరికి గోడ తెల్లగా మెరుస్తూ ఉంటే ఎవరూ నోరెత్తలేరు కదా! పైగా ఇంట్లో చప్పుడు చేసే మనిషి ఒకడు తిరుగుతాడు. అదీ కావాలి ఆమెకి.

వెల్ల వేసే జోగయ్యని పిలిపించింది. అతను గోడ చూసి వెనక్కి తగ్గాడు.

"ఈ గోడ నాను ముట్టుకోనమ్మా. పెద్దపండక్కి కుంచి అటేపు తిప్పేనని హైమమ్మగోరు నా సెయ్యిరగ్గొడతానన్నారు."

"హైమమ్మగోరు ఊళ్ళో లేదు. నాను సెప్తన్నాను. ఏయి."

"ఆరొచ్చి అడిగితే?"

"నా పేరు సెప్పు."

జోగయ్య సున్నంలో నీలిమందు కలిపి రెండు పూతలు వేశాడు. పొద్దు వాలేసరికి గోడ ఆరి మిలమిలా మెరిసింది. కన్యాకుమారి దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. సంతోషించాలనే కూర్చుంది. కానీ అంత తెల్లటి గోడ ముందు కూర్చుంటే, ఇంతసేపూ అక్కడున్నవాళ్ళెవరో లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. పీట తీసుకుని లోపలికి వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"వదినా, నేనే. ఛార్జరు ఇంట్లో మరిసిపోయినట్టున్నాను. సంచంతా తిరగేసేను, పచ్చడి తప్ప ఏటీ లేదు."

"ఆఁ, ఇక్కడే ఉన్నాది," అంది కన్యాకుమారి, ప్రాణం లేచొచ్చి. "నిన్ను సూసి ఎవరూ నవ్వలేదు గదా?"

"నవ్వడమేటి! అందరికీ నచ్చేయి. ఒకాయనైతే ఒక్క ఫోటో ముందర అరగంట నిలబడ్డాడు."

"పాపం, కుర్సీ లేదేటి?"

"ఉన్నాది వదినా, సూత్తా నిలబడ్డాడు. విను, ఇది ఆనంద్‌కుమార్ గారి ఫోను. పోర్టులో ఇంజినీరు చేసి రిటైరయ్యేరు, సంఘానికి ఆయనే పెద్ద. ఇక్కడ పిల్లలకి ఫోటోలు నేర్పుతూ ఉండిపొమ్మంటన్నారు నన్ను. గది కూడా ఇస్తారంట."

కన్యాకుమారి నేల మీద కూర్చుంది. "నువ్వేటన్నావు?"

"రానన్నాను. ఎందుకు రావని ఒకటే పట్టు. నా గోడ అక్కడున్నాది, దాన్నొగ్గీసి ఎలగొస్తానన్నాను. నమ్మలేదు. అయితే వచ్చి సూడండి, సూసేక మీరే నన్ను రమ్మనరన్నాను. ఆదివారం పొద్దున్న వేన్లో అందర్నీ తీసుకొస్తన్నాను. హడావిడి పడకు, ఉప్మా చాలు. వదినా, వింటన్నావా?"

"వింటన్నాను."

"గోడ జాగర్త. లక్ష్మణమ్మ మేక అటేపు రాకుండా సూడు."

ఫోను పెట్టేశాక కన్యాకుమారికి విషయం కళ్ళకు కట్టింది. హైమని పాతపట్నంలో కట్టిపడేసింది ఒక్కటే, ఆ గోడ. దానికి నీలిమందు కలిపి మరీ రెండు పూతలు వేయించింది తను. ఆదివారం నాడు వ్యాను వస్తుంది. హైమ తెల్లగోడ చూస్తుంది. ఆ వ్యానులోనే తిరిగి వెళ్ళిపోతుంది. ఈసారి బియ్యం డబ్బాలో ఏది దాచినా లాభం ఉండదు.

జోగయ్య పరుగున వచ్చాడు. వచ్చాక, విన్నది అర్థం కాక చెవి తుడుచుకున్నాడు.

"ఏసిన సున్నం తీసీమంటన్నారేటమ్మా?"

"అవును. బేగి తీసీ. లోపల గోడ ఎలగున్నాదో అలగే బయటికి రావాల."

జోగయ్య గీకాడు. సున్నంతో పాటు పెచ్చులు వచ్చాయి, పెచ్చులతో పాటు నలభై ఏళ్ళ పసుపూ బెల్లమూ పొడి పొడిగా రాలాయి. లోపల నుంచి బయటికొచ్చింది ఇంకో పాత సున్నం పొర. అది హైమకి గానీ, విశాఖపట్నానికి గానీ ఎందుకూ పనికిరాని మామూలు గోడ.

"అయితే మచ్చలు మళ్ళీ ఏయి."

జోగయ్య కుంచె కింద పెట్టాడు. "మచ్చలేసే పని మా ఇంటా వొంటా నేదమ్మా. మాది మచ్చలు కప్పే వొంశం."

"నేర్సుకుంటావులే," అని కన్యాకుమారి లోపలికెళ్ళి, హైమ స్టూడియోలో అచ్చు వేయించుకున్న ఫోటోల కవరు తెచ్చి గచ్చు మీద పరిచింది. ఒక్కొక్కటీ గోడలో ఒక్కో ముక్క. ఏ ముక్క ఎక్కడిదో, దేనికి ఏది పైనో, ఫోటోల మీద ఎక్కడా లేదు. ఇద్దరూ వాటి చుట్టూ గొంతుకు కూర్చున్నారు.

"ఇదేటమ్మా, మాడిపోయిన అట్టా?"

"ఏటిదని అడక్కు. ఎలగున్నాదో సూడు," అంది కన్యాకుమారి. అనేశాక, ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది.

"ఎలగున్నాదంటే, మాడిపోయిన అట్టులాగే ఉన్నాది. తిరగేస్తే ఒడిసా పటంలాగున్నాది."

"అయితే తిరగేసే ఉంచు."

శనివారం పొద్దుటి వెలుతురులో ఆమె ఫోటోలు ఒక్కొక్కటే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చూడక తప్పదు కనుక చూసింది; చూడటం మొదలుపెట్టాక ఆపలేకపోయింది. పసుపంటే ఒక్క పసుపు కాదు. బస్తా రాసుకున్నచోట ముదురుగా ఉంది, గాలికి ఎగిరి అంటుకున్నచోట తేనె పొరలా పల్చగా ఉంది. బెల్లం చార తిన్నగా జారలేదు. సగం దూరం దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పక్కకి తిరిగింది. నీళ్ళబిందెతో ఆ గోడ పక్కనుంచి ఎన్ని వేలసార్లు నడిచిందో ఆమె! ఒక్కసారి తల తిప్పి చూసిన పాపాన పోలేదు.

కాస్త దూరం నుంచి తీసిన ఆఖరి ఫోటోలో, గోడ నడిమధ్యన గుండ్రటి జిడ్డు మచ్చ ఒకటి కనిపించింది. మనిషి తలంత ఉంది. చుట్టూ చిన్నచిన్న గీతలు, వెంట్రుకలు రాసుకున్నట్టు. బస్తాల లెక్క చూసుకున్నాక సీతారామారావు ఆ గోడకి తల ఆనించి కూర్చునే ఉంటాడు. ఏళ్ళ తరబడి కూర్చుంటేనే గాని అంత మచ్చ పడదు. ఇంతకాలం ఆయన తల గుర్తు పెరట్లోనే ఉంది. గురువారం నాడు మనిషిని పెట్టి మరీ దాన్ని చెరిపించింది.

"జోగయ్యా, ఆ నడిమి మచ్చ నాకొగ్గీ. మిగతావి నువ్వేయి," అంది మొహం తిప్పుకుని.

జోగయ్య ఆముదంలో బొగ్గు నూరాడు, చింతపండు పిసికాడు, బెల్లం పాకం పట్టాడు. ఆఖరున పసుపు కలిపి గోడకి పూశాడు. పూసిన పసుపు చూస్తూండగానే ఎర్రబడింది. సున్నానికి పసుపు తగిలితే ఎరుపెక్కుతుందని పారాణి కలిపిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఆ కంగారులో కన్యాకుమారికి తోచలేదు. ఎరుపు తగ్గుతుందేమోనని ఇంకాస్త పసుపు పూయించింది. గోడ అచ్చం రక్తం చిమ్మినట్టు తయారైంది. ఇంతలో బెల్లం వాసనకి చీమలు బారులు తీరాయి. చీమల వెనకే కందిరీగలు వచ్చాయి.

"నా వల్ల కాదమ్మా," అని జోగయ్య కుట్టించుకున్న చెయ్యి ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

కన్యాకుమారి ఒక్కతీ మిగిలింది. జుట్టు విప్పి, మాడు నిండా ఆముదం పెట్టుకుని, చీర కొంగుతో చీమలు దులిపి, గోడ మధ్యలో సరిగ్గా ఆ మచ్చ ఉండవలసిన చోట తల ఆనించి కూర్చుంది. తల కొంచెం కొంచెం కదపాలి, అప్పుడే గీతలు పడతాయి. కళ్ళు మూసుకుని అటూ ఇటూ కదిపింది. "ఇలగేనేటండీ కూకునేవోరు? కూకుంటే ఒక్కమాటైనా సెప్పేరా నాకు," అని నెమ్మదిగా అడిగింది. ఎండ వెచ్చగా ఉంది. రెండు రాత్రులు నిద్రలేని మనిషి. తల ఊపుతూనే కునుకులోకి జారింది.

సరిగ్గా అప్పుడే లక్ష్మణమ్మ మేక, పూటల తరబడి తప్పిపోయినదల్లా, బెల్లం వాసన పట్టుకుని వచ్చి గోడ నాకడం మొదలుపెట్టింది. దాని వెనక లక్ష్మణమ్మ వచ్చింది. చూసింది. గోడ నిండా ఎరుపూ నలుపూ. జుట్టు విరబోసుకుని, నూనె కారుతూ, కళ్ళు మూసుకుని తలాడిస్తూ ఎవరితోనో గొణుగుతున్న ముసలమ్మ. పక్కన మూతి ఎర్రగా ఉన్న మేక.

"ఓలమ్మో! సిల్లంగి!"

ఆ కేకకి వీధి వీధంతా పెరట్లోకి వచ్చింది. కన్యాకుమారి ఉలిక్కిపడి లేచి, జనాన్ని చూసి, ముందుగా అన్నమాట ఇది: "ఎవరూ గోడ ముట్టుకోకండి!"

ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఎవరో ఆ ఇంటి మీద చిల్లంగి పెట్టారని, చేతబడి చేశారని కొందరూ, ఆవిడే పెడుతోందని కొందరూ అన్నారు. ఏదైనా సరే, భూతవైద్యుడు గంగరాజు రావలసిందేనని అందరూ అన్నారు. గంగరాజు ఆదివారం పొద్దున్నయితే గాని చెయ్యి వెయ్యనని కబురు పంపాడు. అంతవరకూ ఆవిణ్ణి ఒంటరిగా వదలకూడదన్నాడు. దాంతో లక్ష్మణమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ చాపలు తెచ్చుకుని ఆ రాత్రికి అరుగు మీదే పడుకున్నారు. తనకేమీ కాలేదని కన్యాకుమారి మొదట్లో గట్టిగానే చెప్పింది. తర్వాత తర్వాత అంత గట్టిగా చెప్పలేదు. ఇంట్లో గురకలు వినిపించి ఎన్నాళ్ళయిందో. అందరికీ దుప్పట్లు తీసిచ్చి, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

ఆదివారం పొద్దున్న ఆమె ఉప్మా దించుతూండగానే గంగరాజు వేపమండలతో దిగాడు. ఆమెని గోడ ముందు పీట మీద కూర్చోబెట్టి మండలు ఝాడించాడు.

"సెప్పు! ఏ ఊరు నీది?"

"పాతపట్నం," అంది కన్యాకుమారి.

"ఎవరు పంపేరు నిన్ను?"

"మా నాన్న. పెళ్ళి సేసి పంపేడు."

"ఎప్పుడొచ్చేవు ఈ ఇంటికి?"

"నలభై ఏళ్ళు దాటిపోయింది గదరా, నీ పెళ్ళికి పసుపు ఈ కొట్లోదే!"

"పాతది. మొండిది," అన్నాడు గంగరాజు జనం వైపు తిరిగి. "గోడలో కాపరమున్నాది." కుండ ఎత్తి గోడ మీదికి నీళ్ళు విసిరాడు.

"ఒరే, సెరిపీకురా! పట్టుకోండర్రా ఈణ్ణి! ఆ మచ్చలు పోతే నా హైమ ఎల్లిపోద్దిరా!"

"సూసేరా? ఒగ్గనంటన్నాది," అని గంగరాజు రెండో కుండ ఎత్తాడు.

ఆ రెండో కుండ నీళ్ళు గోడ మీద పడుతున్న క్షణానికి వ్యాను వాకిట్లో ఆగింది. జనాన్ని తోసుకుంటూ హైమ, ఆమె వెనక ఒళ్ళంతా జేబులున్న కోటు తొడుక్కుని, మెడలో రెండు కెమెరాలతో ఆనంద్‌కుమార్, ఆయన వెనక ఇద్దరు ముగ్గురు సభ్యులూ పెరట్లోకి వచ్చారు. కెమెరాలు చూసి టీవీవాళ్ళనుకుని గంగరాజు మండలు దాచి జుట్టు సర్దుకున్నాడు.

ఆనంద్‌కుమార్ గోడని చూశారు. ఎడమ నుంచి చూశారు, కుడి నుంచి చూశారు, కళ్ళజోడు తీసి చూశారు. ఎర్రనీళ్ళు కారుతున్నాయి. వాటిలో కొన్ని చీమలు ఈదుతున్నాయి. ఆయన పెద్దమనిషి కనుక నవ్వలేదు. "వెలుతురు... అంత అనుకూలంగా లేదండీ," అని కెమెరా మూత బిగించారు. "హైమగారూ, దీనికోసమేనా మీరు రానన్నది?"

కన్యాకుమారి పీట మీంచి లేచింది. ఆముదం చెంపల మీదికి కారుతోంది.

"బాబూ, ఇది ఆ గోడ కాదు. ఆ గోడకి నాను వెల్ల ఏయించీసేను. తప్పు హైమది కాదు, మా గోడ నిజంగానే బాగుండేది. నాను సూడలేదు గాని బాగుండేది. ఫోటోలు సూసి మళ్ళీ పెడదామనుకున్నాను, తలకిందులైపోయింది."

హైమ గోడ దగ్గరికి వెళ్ళి, మధ్యలో మిగిలిన గుండ్రటి నూనె మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇదేటి వదినా?"

"అది మీ అన్నయ్య," అంది కన్యాకుమారి గొంతు తగ్గించి. "తల ఆనించుకునే సోటు. నీ ఫోటోలోనే కనిపెట్టేను. ఆ ఒక్కటీ మాత్రం నాను సొంతంగా పెట్టేను, తలతోటి."

హైమ వదినగారి తల వైపు చూసింది, మచ్చ వైపు చూసింది.

"అన్నయ్య కొట్టు ఒగ్గీసి పగలెప్పుడు పడుకున్నాడు వదినా? అది కలాసీ రాముడిది. బస్తాలు దించీసి, ముద్ద తినీసి, రోజూ అక్కడే కునుకు తీసేవోడు."

జనంలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నిన్న మాడు నిండా ఆముదం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎంతో ప్రేమగా కన్యాకుమారి పలకరించింది రాముడి తలకాయనన్నమాట. హైమ నవ్వు ఆపుకోలేక గోడవారనే కూలబడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ చూస్తే, వదినగారు నవ్వడం లేదు.

"నవ్వు, నవ్వు. గోడైపోయింది. ఇంక నీకు ఇక్కడేటున్నాది? ఎల్లిపో."

"గోడ కోసం ఎవరైనా ఉండిపోతారేటి?"

"నువ్వే గదా ఫోన్లో అన్నావు!"

"ఏటి సెప్పమంటావు మరి?" హైమ గొంతులో నవ్వు పోయింది. "మా వదిన ఒక్కర్తీ ఉండలేదు, పలకరించే దిక్కు లేదని ఊరుగాని ఊళ్ళో నలుగురి ముందూ సెప్పమంటావా? జాలిపడతారు. జాలిపడితే నీకు గిట్టదు. ఫోటోలోళ్ళు గదా, గోడంటే నోరు మూసుకుంటారని గోడన్నాను."

గంగరాజు మూడో కుండని నెమ్మదిగా పక్కకి జరిపాడు. లక్ష్మణమ్మ మేక మెడ నిమురుతూ ఎటో చూసింది. ఆనంద్‌కుమార్ దగ్గారు.

"ఆ ముక్క మొదటే చెప్పాల్సిందండీ. మేమిచ్చే గది పెద్దదే. ఇద్దరికీ సరిపోతుంది."

"నానా? ఇసాపట్నమా?" అంది కన్యాకుమారి. "ఏటి మాటలు బాబూ! ఉప్మా సల్లారిపోతన్నాది, కూకోండి."

ఉప్మా సంఘంవాళ్ళతో పాటు వీధి మొత్తం తింది. గంగరాజు మారు వడ్డించుకున్నాడు. తన వైద్యం ఉత్తదని తేలిపోవడం అతనికి బాధగా ఉన్నట్టుంది. చెయ్యి కడుక్కుంటూ ఆఖరి మాటగా, "ఏదేమైనా ఈవిడ కొన్నాళ్ళు ఈ గోడకి ఎడంగా ఉండాల," అని తీర్పు చెప్పాడు. ఆ తీర్పుని లక్ష్మణమ్మ అందరికన్నా ముందు బలపరిచింది. "ఎల్లు అప్పా, ఎల్లు. ఇల్లు నాను సూసుకుంటాను. నువ్వు మళ్ళీ ఆ గోడకి తలానించేవంటే మా పిల్లలు జడుసుకుంటారు."

సాయంత్రం ప్రదర్శన ముగింపు సభకి హైమ వెళ్ళక తప్పదు. ఆమె వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కన్యాకుమారి ఎప్పటిలాగే వాకిట్లో నిలబడింది. జనం చెదిరిపోతున్నారు. రాత్రి అరుగు నిండా ఉన్న చాపలు ఒక్కొక్కటీ చుట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పట్టుకుపోతున్నారు. ఆఖరి చాప వెళ్ళేదాకా ఆమె చూసింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, తాళం లక్ష్మణమ్మ చేతిలో పెట్టి, వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది.

"జరగవే హైమా. రెండ్రోజులుండి, నీ బొమ్మలు సూసి వచ్చీత్తాను."

వ్యాను సందు మలుపు తిరిగాక లక్ష్మణమ్మ ఆ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుంది. మాటనడానికి ఎవరూ లేకపోవడంతో మేకని అదిలించుకుంటూ లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లో వస్తానన్న కన్యాకుమారి హైమతో పాటు ఆ గదిలోనే ఉండిపోయింది, పాతపట్నం తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది రెండువేల పదిహేడు, ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం.